మార్కులకి బహుమతిగా కుక్కపిల్ల వద్దు

పదో తరగతి ఫలితాలు వచ్చే రోజుల్లో నాకు రెండు రకాల ఫోన్లు వస్తాయి. ఒకటి ఎప్పటి నుంచో వచ్చేదే. ఎంపీసీలో చేర్పించాలా, బైపీసీలోనా, డే స్కాలరా, హాస్టలా అని. రెండోది ఈమధ్య మొదలైంది. "మేడం, మీ ఇంట్లో కుక్క ఉందిగా. మావాడికి 550 దాటితే లాబ్రడార్ కొనిస్తామని మాటిచ్చాం. దాటేశాడు. మంచిది ఎక్కడ దొరుకుతుంది?"

మొదటి ప్రశ్నకి పిల్లని బట్టి జవాబు చెప్తాను. రెండో ప్రశ్నకి మాత్రం ఎవరడిగినా ఒకటే చెప్తాను. ఇప్పుడు తేకండి. మార్కుల కోసమైతే అసలు తేకండి.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. ఉండేది ఏలూరులో, బడి కొల్లేరు వైపు ఒక ఊళ్లో. మా ఇంట్లో బెల్లం అని ఒక ఆడకుక్క ఉంది. ఒళ్లంతా పాత బెల్లం రంగు, అందుకని ఆ పేరు. మా అమ్మాయి నాలుగో తరగతిలో ఉండగా వీధి చివర రేకుల షెడ్డు కింద పుట్టిన పిల్ల అది. ఇప్పుడు మా అమ్మాయి ఎనిమిదో తరగతి. కుక్కలంటే ఇష్టం లేక ఈ మాట చెప్పడం లేదని తెలియడానికే ఇదంతా ముందుగా రాస్తున్నాను.

ఒక్కసారి వయసులు లెక్కేసి చూడండి. పది పాసయ్యేసరికి పిల్లాడికి పదిహేనేళ్లు. ఏప్రిల్ చివర్లో ఫలితాలొస్తాయి, మే నెలలో కుక్కపిల్ల వస్తుంది, జూన్‌లో పిల్లాడు విజయవాడలోనో హైదరాబాదులోనో హాస్టల్లో చేరతాడు. నెలకో ఔటింగ్. ఇంటికి ఫోన్ చేసుకోవడానికి వారంలో ఒక రోజు, అదీ క్యూలో నిలబడి. రెండేళ్లు అలా గడిచాక ఇంజినీరింగ్ ఇంకో ఊళ్లో. తర్వాత బెంగళూరులో ఉద్యోగమో, అమెరికాలో ఎమ్మెస్సో. కుక్క మామూలుగా పది, పన్నెండేళ్లు బతుకుతుంది. బాగా చూసుకుంటే ఇంకో రెండేళ్లు. అంటే పిల్లాడి కోసమని తెచ్చిన కుక్క పిల్లాడితో గడిపేది ఒక వేసవి. మిగిలిన జన్మంతా అమ్మతోనే.

ఆ అమ్మని ఎవరూ అడగరు. నాకు ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది నాన్నలే. "మీ ఆవిడగారు ఏమంటున్నారండీ?" అంటే, "తనదేముందండీ, తెచ్చాక అదే అలవాటవుతుంది" అంటారు. పొద్దున్నే అయిదింటికి లేచి దాన్ని బయటికి తిప్పేదెవరు? వాంతి చేసుకుంటే కడిగేదెవరు? వర్షాకాలంలో చెవుల వెనక గోమార్లు ఏరేదెవరు? ఈ మూడూ అడిగితే అవతల కాసేపు మాట ఉండదు.

మా వీధిలోనే ఒక ఇంట్లో ఇది చూశాను. పిల్లాడు తెలివైనవాడు, మంచివాడు. మార్కులు తెచ్చుకున్నాడు, లాబ్రడార్ పిల్లని తెచ్చుకున్నాడు, ఆ నెలంతా దాన్ని భుజం మీదే ఉంచుకున్నాడు. జూన్‌లో వెళ్లిపోయాడు. వాళ్లమ్మకి మోకాళ్ల నొప్పులు. లాబ్రడార్ ఆరు నెలలు తిరిగేసరికి ఇరవై కిలోలు దాటుతుంది, ముందుకి లాగితే మనిషి పడిపోవాల్సిందే. ఆవిడ తిప్పలేక గేటు పక్కన గొలుసుతో కట్టేశారు. లాబ్రడార్ పూర్వం కెనడా వైపు చల్లటి సముద్రంలో జాలరులతో కలిసి ఈదిన జాతి. దాని ఒళ్లు రోజూ పని అడుగుతుంది. పని లేక అది గేటు కొరికింది, చెప్పులు కొరికింది, తర్వాత తన కాలు తనే నాకి నాకి పుండు చేసుకుంది. నెలకోసారి పిల్లాడు ఇంటికొస్తే అది కేకలు పెట్టి మీద పడేది. ఆదివారం సాయంత్రం బ్యాగు సర్దుకుంటుంటే మంచం కింద దూరి బయటికి వచ్చేది కాదు. ఆ తల్లి నాతో, "వీడు వెళ్లినందుకు నేను ఏడవాలా, దీన్ని చూసి ఏడవాలా మేడం" అన్నారు. అందులో ఎవరి దుర్మార్గమూ లేదు. లెక్క ముందుగా వేసుకోకపోవడమే.

ఇంకో సంగతి మన తెలుగిళ్లలో ప్రత్యేకంగా ఆలోచించుకోవాలి. అమ్మాయి అమెరికాలో ఉంటే పురుడు పోయడానికి అమ్మానాన్నలు ఆరు నెలలు వెళ్తారు. ఆ ఆరు నెలలూ కుక్క ఎక్కడుంటుంది? కుక్కల్ని ఉంచుకునే బోర్డింగులు పెద్ద ఊళ్లలో ఉన్నాయి, రోజుకింత అని తీసుకుంటారు. ఆరు నెలలకి అది చిన్న మొత్తం కాదు. డబ్బు పెట్టినా, ఎనిమిదేళ్ల ముసలి కుక్క కొత్తచోట తిండి మానేస్తే ఎవరేం చేస్తారు? ఈ ప్రశ్నకి జవాబున్న ఇంట్లోకే కుక్క రావాలి. చెల్లెలో, పక్కింటివాళ్లో, పాలేరో, ఎవరో ఒకరు "నేను చూస్తాను" అని నోటితో చెప్పి ఉండాలి.

ఇదంతా ఏర్పాట్ల గొడవ. నా బాధ అసలు ఇంకోచోట ఉంది.

550 వస్తే కుక్కపిల్ల అన్నారు, 531 వచ్చాయి అనుకోండి. అప్పుడు ఆ పిల్లకి ఏం అర్థమవుతుంది? ప్రాణమున్న ఒక జీవి ప్రేమ తనకి దక్కకపోవడానికి కారణం పందొమ్మిది మార్కులని. 550 వచ్చిన పిల్లకి అర్థమయ్యేది ఇంకా ప్రమాదం. కుక్క తనకి జీతంగా వచ్చిందని. జీతంగా వచ్చినదాన్ని తిరిగి లాక్కోవచ్చు కూడా. నేను ఇది ఊహించి రాయడం లేదు. తొమ్మిదో తరగతి పిల్లాడొకడు యూనిట్ టెస్టు పేపరు మీద నాన్న సంతకం పెట్టించుకుని రమ్మంటే రోజూ ఏదో ఒకటి చెప్తూ వచ్చాడు. విడిగా పిలిచి అడిగాను. "లెక్కల్లో తగ్గితే టామీని ఎవరికైనా ఇచ్చేస్తానన్నారు మేడం" అన్నాడు. ఆ పిల్లాడు దెబ్బలకి భయపడే రకం కాదు. గట్టు మీద నుంచి కాలవలోకి దూకి ఈదేవాడు. కుక్క పోతుందన్న భయంతో మాత్రం వాడికి రాత్రులు నిద్ర లేదు. నిద్ర లేని పిల్లాడికి లెక్కలెలా వస్తాయి?

వాళ్ల నాన్నగారిని పిలిపించి మాట్లాడాను. రొయ్యల చెరువుల దగ్గర పనిచేసే మనిషి. "ఊరికే బెదిరించడానికి అన్నానండీ, ఇవ్వనండీ" అన్నారు. పెద్దవాళ్లకి అది ఊరికే అన్న మాట. పదమూడేళ్లవాడికి అది కోర్టు తీర్పు. "ఆ మాట వాడి ఎదురుగా వెనక్కి తీసుకోండి, మార్కులెన్ని వచ్చినా టామీ ఇంట్లోనే ఉంటుందని చెప్పండి" అన్నాను. ఆయన స్టాఫ్ రూములోనే పిల్లాణ్ణి పిలిచి చెప్పారు. ఆ తండ్రి మీద నాకు చాలా గౌరవం.

మార్కులకి బహుమతి ఇవ్వాలనిపిస్తే సైకిలుంది, వాచీ ఉంది, అరకు ప్రయాణం ఉంది. వస్తువు పాడైతే మూలన పడేయొచ్చు, ప్రయాణం అయిపోతుంది. ప్రాణానికి ఆ రెండు దారులూ లేవు.

మరి పిల్లలున్న ఇంట్లో కుక్క ఎప్పుడు రావాలి? నా అభిప్రాయంలో మూడో తరగతి నుంచి ఆరో తరగతి మధ్య. అంతకంటే చిన్నపిల్లలు తోక లాగుతారు, తింటున్నప్పుడు మీద పడతారు. అంతకంటే పెద్దయితే బడి, ట్యూషన్ పోగా మిగిలే టైము ఉండదు. ఎనిమిదేళ్ల పిల్లతో కుక్క మొదలైతే ఇంటర్‌కి వెళ్లేదాకా ఏడెనిమిదేళ్లు ఇద్దరూ కలిసి పెరుగుతారు. అప్పుడు కూడా కుక్క బాధ్యత పెద్దవాళ్లదే. పిల్లకి ఒక్క పని ఇవ్వండి. మా అమ్మాయికి మొదట ఇచ్చింది నీళ్ల మూకుడు. పొద్దున బడికి వెళ్లే ముందు కడిగి నింపాలి, సాయంత్రం రాగానే మళ్లీ. అంతే. అది మర్చిపోతే నేను నింపుతాను గానీ కుక్కని దాహంతో ఉంచి పిల్లకి పాఠం చెప్పను. ఈ విషయం గట్టిగా చెప్పదలిచాను. "నువ్వు పెట్టకపోతే అది ఆకలితో ఉంటుంది చూడు" అని నిజంగానే పస్తు పెట్టే ఇళ్లున్నాయి. పిల్లకి క్రమశిక్షణ రావడానికి ఇంకో ప్రాణి ఆకలితో ఉండకూడదు.

పని చెప్పకుండానే పిల్లలు నేర్చుకునేవి చాలా ఉన్నాయి. బెల్లం పడుకున్నప్పుడు పొట్ట ఎన్నిసార్లు లేచి పడుతోందో వాచీ పెట్టుకుని లెక్కపెట్టమని మా అమ్మాయికి చెప్పాను. నెమ్మదిగా పడుకున్న కుక్క నిమిషానికి పదిహేను నుంచి ముప్పై సార్ల దాకా ఊపిరి తీస్తుంది. ఎండలో తిరిగొచ్చాక అదే కుక్క నాలుక వేలాడేసి లెక్కకి అందనంత వేగంగా రొప్పుతుంది. ఎందుకు? మనకిలా దానికి ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల మెత్తల దగ్గర మాత్రం కాస్త పడుతుంది. నాలుక మీద, నోట్లో తడి ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. ఇంకోసారి, "అమ్మా, దీనికి జ్వరం, చెవులు కాలుతున్నాయి" అని పరిగెత్తుకొచ్చింది. కుక్క మామూలు వేడే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది, మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. ఆ రోజు నుంచి దానికో నోటు పుస్తకం పెట్టింది. టీకా ఎప్పుడు, నట్టల మందు ఎప్పుడు, బరువెంత, అన్నీ తెలుగులో రాస్తుంది. తెలుగు పరీక్షలో వ్యాసం రాయమంటే ఏడుపు మొహం పెట్టే పిల్ల, బెల్లం గురించి మాత్రం పేజీలకి పేజీలు రాస్తుంది. నేను తప్పులు దిద్దను. రాయనిస్తాను.

మా బడి పిల్లలకైతే ఇవన్నీ నేను చెప్పక్కర్లేదు. వాళ్లకి ఇంట్లో గేదెలు, మేకలు, కోళ్లు ఉంటాయి. బాతులు మేపే కుటుంబం నుంచి ఒక అమ్మాయి వచ్చేది. జంతువుల ప్రవర్తన గురించి పాఠం చెప్తుంటే లేచి వాళ్ల జోనంగి కుక్క గురించి చెప్పడం మొదలుపెట్టింది. జోనంగి మన దేశవాళీ జాతి, కృష్ణా, గోదావరి జిల్లాల్లో, కొల్లేరు చుట్టుపక్కల ఎక్కువగా ఉండేది. పొట్టి వెంట్రుక, నున్నటి ఒళ్లు, నుదుటి మీద ముడతలు. అన్ని కుక్కల్లా మొరగడం తక్కువ, గొంతులోంచి ఒక సాగదీసిన కూత వస్తుంది. ఎండకి నేల తవ్వుకుని గుంటలో పడుకుంటుంది. అది బాతుల మందని ఎలా చుట్టి తెస్తుందో, దారి తప్పిన బాతుని కరవకుండా ఎలా మళ్లిస్తుందో ఆ పిల్ల చేతులు తిప్పుతూ చెప్తుంటే క్లాసంతా నోళ్లు తెరుచుకుని విన్నారు. చదవమంటే తలొంచుకునే అమ్మాయి. ఆ రోజు నేను బోర్డు దగ్గర నుంచి వచ్చి వెనక బెంచీలో కూర్చుని విన్నాను. ఇప్పుడా జోనంగులు బాగా తగ్గిపోయాయి. చెరువులు మారాయి, బాతులు మేపేవాళ్లు తగ్గారు, ఊరకుక్కలతో కలిసిపోయి జాతి పలచబడింది. అదే ఊళ్లలో ఇప్పుడు హస్కీ పిల్లల్ని కొంటున్నారు.

హస్కీ సైబీరియా మంచులో బండ్లు లాగడానికి పెంచిన కుక్క. దాని ఒంటి మీద రెండు పొరల జుట్టు. మేలో మన దగ్గర నలభై డిగ్రీలు దాటే ఉక్కలో దాన్ని ఉంచడమంటే రోజంతా ఏసీ గదిలో బంధించడమే. కరెంటు పోతే ఏమిటి? పగ్‌లకి ముక్కు చప్పిడి, ఊపిరి సరిగా ఆడదు, ఎండకి ముందు పడిపోయేవి అవే. మన వీధికుక్క ఈ ఎండలోనే తరతరాలుగా బతికింది. పొట్టి వెంట్రుక, గట్టి కడుపు, చురుకైన బుర్ర. డబ్బు పెట్టి కొనాల్సిన పని లేదు. తల్లి పాలు మానిన పిల్లని, కనీసం ఎనిమిది వారాలు నిండినదాన్ని తెచ్చుకోండి. రోడ్డు పక్కన అట్టపెట్టెలో పెట్టి అమ్మే పిల్లల్లో చాలావాటికి నెల కూడా నిండదు. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. అంత చిన్నప్పుడు తల్లి నుంచి విడదీస్తే తోటి పిల్లలతో ఆడుతూ ఎంత గట్టిగా కరవొచ్చో నేర్చుకునే అవకాశం దానికి పోతుంది. ఆ నేర్చుకోనిది రేపు మన పిల్లల చేతుల మీద చూపిస్తుంది.

మొదటి నెలల్లో పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బులకి టీకాలు వేయించాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి మూడు నాలుగు వారాల తేడాతో మళ్లీ వేస్తారు. అవి పూర్తయ్యేదాకా వీధిలో తిప్పకూడదు. పార్వో వస్తే వాంతులు, రక్తవిరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే కుక్కపిల్ల పోవచ్చు. మూడు నెలలు నిండాక రేబీస్ టీకా, తర్వాత ఏటా.

రేబీస్ గురించి కాస్త ఎక్కువ రాయాలి. ఎందుకంటే పిల్లలు గోళ్ల గీతలు, చిన్న చిన్న పంటి గాట్లు దాచేస్తారు. అమ్మ తిడుతుందని, కుక్కని పంపేస్తారని. కాబట్టి మొట్టమొదట పిల్లలకి ఇవ్వాల్సిన హామీ ఇది: ఏ కుక్క కరిచినా, గీరినా, నువ్వే దాన్ని రెచ్చగొట్టినా సరే, వచ్చి చెప్పు, తిట్టను. ఈ మాట నేను ప్రతి ఏడూ జూన్‌లో ప్రతి తరగతిలోనూ చెప్తాను.

కరిచిన కుక్క లాలాజలంలో రేబీస్ వైరస్ ఉంటే అది గాయంలోంచి నరాల్లోకి వెళ్తుంది. నరాల వెంట మెల్లగా మెదడు వైపు పాకుతుంది. దానికి వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. ఆ మధ్య కాలమే మనకున్న అవకాశం. మెదడుకి చేరి లక్షణాలు మొదలయ్యాక ఇక మందు లేదు. గాయం తలకి ఎంత దగ్గరైతే మనకున్న టైము అంత తక్కువ. పిల్లలు పొట్టిగా ఉంటారు గనక వాళ్లకి మొహం మీద, మెడ మీద, చేతుల మీద గాట్లు పడతాయి. అందుకే పిల్లల విషయంలో "రేపు చూద్దాం" అనకూడదు.

గాయాన్ని కుళాయి కింద ధారగా పారే నీళ్లతో, సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు కడగాలి. ఈ వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు ఆ పొరని విప్పేస్తుంది. ఇంత తేలికైన పనిని మనవాళ్లు చెయ్యరు. కారం అద్దుతారు, సున్నం పెడతారు, పసుపు అద్ది గుడ్డ కడతారు. పసరు మందుకి పక్క ఊరు తీసుకెళ్తారు. ఇవన్నీ గాయాన్ని పుండు చేసి టైము తినేస్తాయి. కడిగాక నేరుగా ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి, టీకా అక్కడ ఉచితం. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అన్న భయం ఇంకా పెద్దవాళ్లలో ఉంది. ఆ రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు చేతికే వేస్తారు, చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే మొదటి డోసు వేసిన రోజుని సున్నాగా లెక్కేసి మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు మళ్లీ వేస్తారు. గాయం లోతుగా ఉన్నా, రక్తం వచ్చినా టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్, అంటే వైరస్‌ని వెంటనే అడ్డుకునే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు కూడా ఇస్తారు. అది అడిగి మరీ వేయించుకోండి. రెండు డోసులయ్యాక "తగ్గిపోయిందిగా" అని మానేయకండి. మీ పెంపుడు కుక్కకి టీకాలన్నీ వేయించినా, అది కరిస్తే డాక్టరుకి చూపించి ఆయన చెప్పినట్టు చెయ్యండి.

వీధికుక్కల్లో చెవి కొస దగ్గర చిన్న గాటు కత్తిరించి ఉంటే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేశారని గుర్తు. పిల్లలకి ఆ గుర్తు చూపించండి. చూపించాక కూడా తెలియని కుక్కని ముట్టుకోవద్దనే చెప్పండి. కుక్క ఎదురొస్తే పరిగెత్తకుండా, కళ్లలోకి చూడకుండా, చేతులు ఒంటికి ఆనించి నిలబడాలి. కిందపడితే ముడుచుకుని మెడ, మొహం చేతులతో కప్పుకోవాలి. మా బడిలో పిల్లల చేత ఇది నేల మీద చేయించి చూపిస్తాను. 2023లో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లాడు వీధికుక్కల దాడిలో చనిపోయిన తర్వాత మొదలుపెట్టాను. కుక్కల్ని ప్రేమించేవాళ్లు ఈ జాగ్రత్తలు చెప్పడానికి మొహమాటపడకూడదని నా గట్టి నమ్మకం.

ఇక ఇంట్లో పెద్దవాళ్లు. మా అత్తయ్యగారిది మడీ ఆచారం ఉన్న ఇల్లు. బెల్లాన్ని తెస్తామన్నప్పుడు ఆవిడ, "తెచ్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు. వంటింటి గడప తొక్కిందంటే మాత్రం ఆ పూట నేను పొయ్యి వెలిగించను" అన్నారు. నేను వాదించలేదు. వాదించాల్సిన అవసరమూ లేదు. ఆవిడ ఇంట్లో ఆవిడ పద్ధతి ఆవిడకి ఉండాలి. మొదటి రోజు నుంచీ బెల్లానికి వరండా, హాలు, పెరడు. వంటిల్లు, దేవుడి గది లేవు. కుక్కలకి హద్దులు తెలిస్తే అవి హాయిగా ఉంటాయి. ఒకరు రమ్మని ఒకరు తంతేనే వాటికి పిచ్చెక్కుతుంది. అత్తయ్యగారు దాన్ని ఇప్పటికీ ముట్టుకోరు. అది ఆవిడ దారికి అడ్డురాదు. సాయంత్రం ఆవిడ వరండాలో పారాయణం చేసుకుంటుంటే రెండు బారల దూరంలో పడుకుంటుంది. ఇంట్లో అందరూ కుక్కని ఒళ్లో పెట్టుకోవాలని ఏమీ లేదు. వచ్చే ముందు అందరి మాటా వినడం, వచ్చాక ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం చాలు.

తిండి సంగతి క్లుప్తంగా. పెరుగన్నం ఒక్కటే పెట్టి పెంచితే చాలదు, దానికి మాంసకృత్తులు కావాలి. ఉడికించిన గుడ్డు, ఎముకల్లేని చికెన్, చేప ముళ్లు తీసి పెట్టొచ్చు. ఉడికించిన కోడి ఎముక సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది, అది వద్దు. మనం తినగా మిగిలిన కూరలు వద్దు, ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలకి దెబ్బ. చాక్లెట్ విషం. పుట్టినరోజు కేకులతో జాగ్రత్త, పిల్లలు ప్రేమకొద్దీ పెట్టేస్తారు. మనుషుల జ్వరం మాత్ర వెయ్యకండి. పిల్లి ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త, పారాసిటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది. వేసవిలో మధ్యాహ్నం తారురోడ్డు మీద నడిపించకండి, మీ అరచేతి వెనక భాగం రోడ్డు మీద కొన్ని సెకన్లు ఆనించి చూస్తే మీకే తెలుస్తుంది.

ఇప్పటికే మాట ఇచ్చేశామే అంటారా? పిల్లల్ని కూర్చోబెట్టి నిజం చెప్పండి. "నువ్వు హాస్టల్‌కి వెళ్తున్నావు, దాన్ని చూసుకునే శక్తి నాకు లేదు, దానికి అన్యాయం జరుగుతుంది" అంటే పదిహేనేళ్ల పిల్లలకి చక్కగా అర్థమవుతుంది. కొన్నాళ్లు కోపంగా ఉంటారు, ఉండనివ్వండి. అంతగా ఇష్టపడేవాళ్లయితే ఆ సెలవుల్లో వీధిలో ఉన్న ఒక కుక్క బాధ్యత తీసుకోమనండి. రోజూ నీళ్లు, ఒక పూట తిండి, మున్సిపాలిటీవాళ్లకి చెప్పి ఆపరేషన్, టీకా చేయించడం. తను వెళ్లాక వీధిలో ఇంకొకరికి అప్పజెప్పి వెళ్లాలి. బైపీసీ తీసుకుని వెటర్నరీ చదువుతానన్న పిల్లల్లో ఒకరిద్దరు ఇలా మొదలుపెట్టినవాళ్లే నాకు తెలుసు.

ఇప్పటికే కుక్క వచ్చేసి, పిల్లాడు హాస్టల్‌కి వెళ్లిపోయిన ఇళ్లవాళ్లకి. దాన్ని దూరంగా తీసుకెళ్లి వదిలేయకండి. ఇంట్లో పెరిగిన కుక్క వీధిలో బతకలేదు, అక్కడి కుక్కలు బతకనివ్వవు. పొద్దున, సాయంత్రం అరగంట చొప్పున తిప్పడానికి వీధిలో ఏ డిగ్రీ కుర్రాడినైనా నెలకింత అని మాట్లాడుకోండి. అస్సలు వీల్లేకపోతే తెలిసినవాళ్లలో, స్థలం ఉండి రోజంతా మనిషి ఉండే ఇల్లు వెతకండి, పిల్లాడికి చెప్పి, వాడు ఇంట్లో ఉన్న రోజే పంపండి. ఔటింగ్‌కి వచ్చేసరికి ఖాళీ గొలుసు కనపడే పరిస్థితి ఏ పిల్లకీ రాకూడదు.

ఇంకొక్కటి. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కి రేబీస్ టీకా మొదలుపెట్టాడు, ఆ పిల్లాడు బతికాడు. ఆ తేదీకి గుర్తుగా ఏటా జూలై 6న మన ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకి రేబీస్ టీకా ఉచితంగా వేస్తారు. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. ఎండెక్కక ముందే చేరుకోండి, అక్కడ ఒకదాన్ని చూసి ఒకటి మీద పడతాయి గనక గొలుసు పొట్టిగా పట్టుకోండి, మూతికి కట్టే తొడుగు ఉంటే తీసుకెళ్లండి. టీకా పుస్తకం మర్చిపోకండి, పోయిన ఏడాది తేదీ అడుగుతారు.